వేలిముద్ర పడకపోతే రేషన్ ఆపేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై దాటాయి. ఊళ్లో ఒంటరిగా ఉంటుంది, కార్డు ఆమె పేరు మీదే ఉంది. జీవితమంతా కూలి పని చేయడంతో వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర పడటం లేదని డీలర్ రెండు నెలలుగా బియ్యం ఇవ్వడం లేదు. ఒక్కోసారి సిగ్నలే ఉండదు. ఆమెకు ఫోన్ లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆపకూడదు. మీ అమ్మగారికి బియ్యం హక్కు 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నుంచి వచ్చింది. మిషన్ పని ఆమె ఎవరో పోల్చుకోవడం వరకే. అర్హులను వేలిముద్ర సరిపోలలేదన్న కారణంతో వెనక్కి పంపకూడదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 2017 అక్టోబరులో, ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడకపోతే ఐరిస్ (కంటిపాప స్కాన్) లేదా ఓటీపీతో ప్రయత్నించాలి, అవీ కుదరకపోతే వివరాలు రిజిస్టర్‌లో రాసుకుని సరుకులు ఇవ్వాలి. ఫోన్ లేని మనిషిని ఓటీపీ అడిగి పంపేస్తే ఆ సర్క్యులర్‌ను పాటించినట్టు కాదు.

ఈసారి మీరూ తోడు వెళ్లండి. ముందు ఐరిస్ అడగండి. అదీ కాకపోతే మిషన్ తెరపై వచ్చిన ఎర్రర్‌ను ఫొటో తీసుకోండి, రిజిస్టర్‌లో రాసి ఇవ్వమని అడగండి. ఒప్పుకోకపోతే తెల్ల కాగితం మీద రాయండి: ‘ఫలానా తేదీన, ఫలానా కార్డుకు, వేలిముద్ర పడలేదన్న కారణంతో సరుకులు నిరాకరించారు.’ దాన్ని తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఆఫీసుల్లో నిలవదు. ఎన్నో కేసులు ఈ ముద్ర లేకే నీరుగారిపోయాయి.

అక్కడ కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే చోట, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరిట ఇవ్వండి. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద విచారించాల్సింది ఆయనే. ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ అధికారి సిఫార్సు చేసిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా అందించని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు. పోయిన రెండు నెలలనూ వదులుకోవద్దు. ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భృతి చెల్లించాలని 8వ సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఆ నెలల పేర్లు రాసి భృతి అడగండి.

ఆధార్‌లో బయోమెట్రిక్ (వేలిముద్రలు, కంటిపాప) అప్‌డేట్ చేయించండి, కానీ అది అయ్యేదాకా సరుకులు ఆపుతామంటే ఒప్పుకోవద్దు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు అన్నది. అది ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) కేసు. అర్జీలో ఒక వాక్యంగా దాన్ని ప్రస్తావించండి.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఆమెకు ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో రేషన్ కార్డు, ముద్ర వేసిన అర్జీ కాపీ ఇవ్వండి.