షుగర్ పడిపోతోందని మనిషిని చూసి కనిపెట్టడం ఎలా?

మీ నాన్నగారు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర వేసుకుంటున్నారని, భోజనం ఆలస్యమైతే ఊరికే కసురుకుంటున్నారని, అది కోపమో షుగర్ తగ్గడమో తెలియడం లేదని అడిగారు. ఆ సమయంలో వాదనకు దిగకండి, ముందు వేలికి గుచ్చి గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. 70 (mg/dL) కంటే తక్కువుంటే లో షుగరే. 54 కంటే దిగితే ప్రమాదం, మెదడుకు చాలినంత గ్లూకోజ్ అందదు.

మామూలుగా ముందు కనిపించేవి షుగర్ తగ్గినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల వచ్చేవి: ఫ్యాను కింద కూర్చున్నా ముచ్చెమటలు, వేళ్ల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి. ఆ తర్వాత మెదడు తడబడుతుంది. మాట ముద్దగా వస్తుంది, ఒకటి అడిగితే మరొకటి చెబుతారు, చొక్కా గుండీ పెట్టుకోలేరు, చిరాకు పడతారు. ఈ దశలో "నాకేం కాలేదు, వదిలెయ్" అంటారు. దయచేసి ఆ మాట నమ్మి వదిలేయకండి.

బీపీకో గుండెకో మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు దడ, వణుకు అంతగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది, అందుకే నుదురు, మెడ తాకి చూడాలి. తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు కొన్నాళ్లకు ఈ హెచ్చరికలే రాకుండా పోవచ్చు. నిద్రలో పడిపోతే పీడకలలు, తడిసిన బనియను, తెల్లారి తలనొప్పి ఆనవాళ్లు. ఇంకో సంగతి: చాలాకాలం 300 దగ్గర ఉన్నవాళ్లకు 120కి దిగినా ఇలాగే అనిపించవచ్చు. తేల్చేది మీటరే. పండు తిన్న చేతికి గుచ్చితే అంకె ఎక్కువ చూపిస్తుంది, కడిగి తుడిచాకే గుచ్చండి. మీటర్ అందుబాటులో లేకపోతే ఆగకుండా తీపి ఇచ్చేయండి.

ఏ తీపి అన్నదే మీ విషయంలో ముఖ్యం. వోగ్లిబోస్ పేగుల్లో పంచదార విడిపోకుండా అడ్డుకుంటుంది, కాబట్టి పంచదార నీళ్లు, బెల్లం ఆలస్యంగా పనిచేస్తాయి. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడి 15 గ్రాములు, అంటే దాదాపు 3 టీ చెంచాలు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. వోగ్లిబోస్ వాడనివాళ్లకైతే అంతే పంచదార చాలు. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో పెట్టండి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, కిడ్నీలు బలహీనమైతే ఇంకా ఎక్కువసేపు. తేరుకున్నారు కదా అని ఊరుకోక ఆ రాత్రి కూడా పరీక్షించండి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

షుగర్ పడిపోయిన ప్రతిసారీ సమయం, అంకె, అంతకుముందు ఏం తిన్నారో రాసి డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఉపవాసం ఉన్న రోజు, అన్నం సహించని రోజు ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.