రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాసుకోవడం మానేయాలా?

అడిగినవారి సందేహం ఇదీ: ఏడాదిగా ఒక నోట్‌బుక్‌లో రోజూ తేదీ, తిథి, ఆ రోజు జరిగిన ఒక చారిత్రక సంఘటన, దాని కింద తనకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నారు. ఇంట్లో ఎవరూ చదవడం లేదు. ఇవన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే ఇంకా ఎందుకు రాయడం అని ఆగిపోయారు.

మానేయకండి. ఇదే దిగులు నేనూ పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

నేను కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. గేటు లోపల గోడకు నల్లరంగు వేయించి, ప్రార్థన గంట కొట్టేలోపు 'నేటి విశేషం' అని రాసేవాణ్ణి. ముందురోజు రాత్రి నోట్‌బుక్‌లో రాసుకుని, పొద్దున్నే దాన్ని బోర్డు మీదకు ఎక్కించడం అలవాటు. మొదటి ఏడాది పిల్లలు గుంపుగా నిలబడి చదివేవాళ్లు. రెండో ఏడాదికి ఎవరూ తలెత్తి చూడటం మానేశారు. ఒక అక్టోబరులో జ్వరం వచ్చి రాయడం ఆపాను. జ్వరం తగ్గినా మళ్లీ మొదలుపెట్టలేదు. నెల రోజులు బోర్డు ఖాళీగా ఉంటే ఒక్కరు కూడా "ఏంటి మాస్టారూ, రాయడం లేదు?" అని అడగలేదు. చాలా బాధేసింది.

నవంబర్ 19 వచ్చింది. ఆ ప్రాంతంలో ఉంటూ ఆ తేదీని ఖాళీగా వదలడానికి మనసొప్పలేదు. "1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. సుమారు 10,000 మంది మరణించారు" అని రాసి క్లాసుకు వెళ్లిపోయాను.

ఇంటర్వెల్‌లో చూస్తే, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ బోర్డు ముందు నిలబడి ఉంది. బియ్యం కడిగిన చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. నన్ను చూసి, "తారీఖు నాకు తెలీదు మాస్టారూ. దీపావళి వెళ్లిన వారానికి. కార్తీక మాసం" అంది. అప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్లు. అమ్మ, చంటి తమ్ముడు ఆ నీళ్లలో పోయారు. ఆవిడ తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని రాత్రంతా ఉండిపోయింది. "ముళ్లు దిగిన సంగతి తెల్లారాక తెలిసింది" అంటూ ఎడమ చేయి చూపించింది. మోచేతి కింద తెల్లటి చుక్కలు, వరసగా, చర్మం కొద్దిగా లోపలికి పోయి ఉన్నాయి. రెండేళ్లుగా రోజూ ఆ చేతి వంటే తింటున్నాను. ఎప్పుడూ గమనించలేదు.

పిల్లలు చుట్టూ చేరారు. ఆవిడ వాళ్లకు ఇంకా చాలా చెప్పింది. వాళ్ల ఊళ్లో ఆ తిథి వస్తే చాలా ఇళ్లల్లో ఒకే రోజు పోయినవాళ్లకు బట్టలు పెట్టుకుంటారట. నా బోర్డు మీద అది నవంబర్ 19. వాళ్ల ఇళ్లల్లో అది కార్తీకంలో ఒక తిథి, ఇంగ్లీషు తారీఖుతో కలవదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి తిథి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ లెక్క నాకు ముందే తెలుసు. కానీ ఒకే సంఘటనకు బడిలో ఒక రోజు, ఇంట్లో ఒక రోజు ఉంటాయని ఎప్పుడూ ఆలోచించలేదు. మీరు తేదీతో పాటు తిథి కూడా రాస్తున్నానన్నారు. అది అస్సలు వదలకండి. మీ ఇంట్లోవాళ్లు చెప్పే పాత సంగతులు చాలావరకు ఆ తిథికే అతుక్కుని ఉంటాయి.

ఆ రోజు బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశాను. ఎడమవైపు నేను రాసేది, కుడివైపు ఇంటి దగ్గర అడిగి తెలుసుకుని పిల్లలు రాసేది. అన్ని రోజులూ నిండేది కాదు. వారానికి ఒకటి వస్తే గొప్ప. వచ్చిన రోజు మాత్రం బోర్డు చుట్టూ జనమే.

ఇక ఫోన్‌లో దొరుకుతాయి కదా అన్నదాని గురించి. దొరుకుతాయి, తప్పులతో సహా. ఎక్కడో చూసింది చూసినట్టు ఎక్కించి, ఒకసారి "1953 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది" అని రాశాను. మా ఊళ్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు గేటు దగ్గర నన్ను ఆపి సరిచేశారు. పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబర్ 15న చనిపోయారు. ఆ తర్వాత 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలంగాణ ప్రాంతంతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. రెండు వేరు వేరు తేదీలను నేను ఒకటి చేసేశాను. సోషల్ చెప్పే మనిషిని, సిగ్గనిపించింది. అప్పటినుంచి ఏది ఎక్కడ చదివానో పక్కనే చిన్న అక్షరాల్లో రాసుకుంటున్నాను. మీరూ అలా చేయండి.

ఇంకో మాట. దినోత్సవాలన్నీ రాయాలని చూడకండి. ఏడాది పొడవునా ఏదో ఒక ప్రపంచ దినోత్సవం ఉంటుంది, రాసే చేయి నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఒక్కటి తీసుకుని దానిలోకి కాస్త లోతుగా వెళ్లండి. ఆగస్టు 29న "గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం" అని రాసి వదిలేస్తే మీకే మళ్లీ చదవబుద్ధి కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టిన మనిషి ఆయన. ఆ ఒక్క సంగతీ రాస్తే పేజీకి ప్రాణం వస్తుంది. జూలై 4 చూడండి: 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టిన రోజు, 1946లో తెలంగాణ రైతాంగ పోరాటంలో, కడవెండి అనే ఊళ్లో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైన రోజు, 1963లో పింగళి వెంకయ్య కన్నుమూసిన రోజు. మూడూ ఒకే పేజీలో కుక్కకుండా నేను ఒక్కో ఏడాది ఒక్కరి గురించి రాశాను.

మధ్యలో రోజులు తప్పితే టెన్షన్ పడకండి. నా నోట్‌బుక్‌లో నెలలకు నెలలు ఖాళీలున్నాయి. వచ్చే ఏడాది అదే తేదీకి ఆ ఖాళీ పేజీలోనే రాస్తాను, సంవత్సరం పక్కన వేసి.

నేను రిటైరై మూడేళ్లయింది. బోర్డు లేదు, నోట్‌బుక్ ఉంది. పోయిన కార్తీకంలో ఆవిడ ఫోన్ చేసి, "మాస్టారూ, ఈ ఏడు రాశారా?" అని అడిగింది. రాశానన్నాను. చదివి వినిపించమంది. చదివాను. చంటివాడి పేరు కూడా రాయమని, పేరు చెప్పింది. కుడివైపు రాశాను.