డిక్కీలో గోల్ఫ్ బ్యాగు, పక్క సీట్లో భార్య

ప్రశ్న: మేము అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో ఉంటాం. మావారు ఈమధ్యే రిటైరయ్యారు. ఆయనకు 63, నాకు 60. శాన్ డియేగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి అక్టోబరులో కారులోనే వెళ్దామంటున్నారు. నాకూ ఇష్టమే. కానీ ఆయన వేసిన ప్లాను చూస్తే టెన్షన్ పుడుతోంది. పన్నెండు రోజుల్లో తొమ్మిది గోల్ఫ్ కోర్సులు! పొద్దున ఆట, మధ్యాహ్నం నుంచి డ్రైవింగ్. నేను ఎన్నాళ్లనుంచో చూడాలనుకుంటున్న గ్రాండ్ క్యానియన్ పక్కన ‘వీలైతే’ అని రాసిపెట్టారు. నాకు గోల్ఫ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. గొడవ పడకుండా ఈ ప్రయాణం సాగే దారేదైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఆల్ఫరెట్టా

జవాబు: చెల్లెమ్మా, నేనూ గోల్ఫ్ ఆడేవాణ్ణే కాబట్టి బావగారి పక్షాన మాట్లాడతానని అనుకుంటున్నారేమో. ఆ ‘వీలైతే’ చదివాక నా ఓటు మీకే పడింది.

ముందు ఆయన ప్లానులో లేని లెక్క ఒకటి చెప్తాను. 18 హోల్స్, అంటే ఒక పూర్తి ఆట, ఆడటానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఒక్కరే వెళ్తారు కాబట్టి ముక్కూమొహం తెలియని మరో ముగ్గురితో కలిపి పంపిస్తారు. వాళ్లు నిదానస్తులైతే ఐదు గంటలు. ఏడింటికి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరికినా, ఆట ముగించి, స్కోరు తగ్గించుకుని చెప్పుకుని, హోటలుకు వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. హోటల్ చెకౌట్ మామూలుగా పదకొండుకే. అంటే అంతసేపూ మీరు రెండు సూట్‌కేసులు, ఒక ఐస్‌బాక్సుతో లాబీలో కూర్చోవాలి. తొమ్మిది కోర్సులంటే ఇంచుమించు తొమ్మిది లాబీలు. ఈ ఒక్క విషయం ఆయనకు చెప్పండి చాలు, సగం జాబితా ఆయనే కొట్టేస్తారు.

నేను పాటించే పద్ధతి ఇది. బండి నడిపే రోజు ఆట లేదు, ఆడే రోజు బండి ఊరు దాటదు. రెండు రాత్రులు ఉండే ఊళ్లోనే గోల్ఫ్. ఆ ఊరేదో కోర్సును బట్టి కాదు, మీరు చూడాలనుకున్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. అమెరికాలో ఓ మాదిరి ఊరు ఏదైనా సరే, సిటీ నడిపే గోల్ఫ్ కోర్సు ఒకటి దాదాపుగా ఉంటుంది. ఊరు మీరు చెప్పండి, కోర్సు ఆయన వెతుక్కుంటారు. ఆ వెతుకులాటే మాకు సగం ఆనందం.

ఇక దారి. అట్లాంటా నుంచి ఐ-20 హైవే మీద బర్మింగ్‌హామ్ 150 మైళ్లు. అక్కడ రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గోల్ఫ్ ట్రెయిల్ కోర్సులు ఉన్నాయి, బావగారి జాబితాలో తప్పకుండా ఉండే ఉంటాయి. అలబామా టీచర్ల, ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధి పెట్టుబడితో కట్టినవి, అందరూ ఆడుకోవచ్చు. మంచి కోర్సులే, కాదనను. కానీ మీ ఇంటికి రెండున్నర గంటల దూరంలో ఉన్నదానికి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లే ప్రయాణంలో ఒక రోజు ఎందుకు? ఏ శనివారమైనా వెళ్లి రావచ్చు. దానికి బదులు బర్మింగ్‌హామ్‌లో రెండు గంటలు ఆగి 16వ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి చూడండి. 1963 సెప్టెంబరు 15న అక్కడ బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపేశారు. ఎదురుగా పౌరహక్కుల పోరాటాన్ని చూపే సివిల్ రైట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అలబామాలోకి రాగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి ఆ రెండు గంటల్లో ఒకటి ఉచితంగా వచ్చినట్టే. అక్కడి నుంచి ఐ-22 పట్టుకుంటే రాత్రికి మెంఫిస్.

మెంఫిస్‌లో రెండు రాత్రులు ఉండండి. మర్నాడు పొద్దున ఓవర్టన్ పార్కు. అందులో సిటీ వాళ్ల తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది. బావగారు రెండు గంటల్లో ముగించుకుంటారు. పక్కనే ముదురు చెట్ల అడవి, అందులో మీరు నడవొచ్చు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన ఆరుబయలు వేదిక కూడా ఆ పార్కులోనే ఉంది. ఇంకో సంగతి. మీరు ఇక్కణ్ణుంచి ఎక్కబోయే ఐ-40ని అసలు ఈ పార్కు మధ్యలోంచే వేయాలనుకున్నారు. చుట్టుపక్కల జనం కోర్టుకెక్కారు. 1971లో సుప్రీంకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. మ్యాపు తీసి చూడండి, ఐ-40 మెంఫిస్ దగ్గర నేరుగా వెళ్లకుండా ఊరి ఉత్తరం వైపు వంపు తిరుగుతుంది. కారణం ఇదే. కొంతమంది పట్టుబట్టకపోతే ఆ అడవిలో ఇవాళ ట్రక్కులు తిరుగుతుండేవి. మధ్యాహ్నం లొరెయిన్ మోటెల్‌కి వెళ్లండి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చిన చోటు అది, ఇప్పుడు నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం. వారంలో ఏ రోజు సెలవో ముందే చూసుకోండి. సాయంత్రం ఐదింటికి ఖాళీ ఉంటే పీబాడీ హోటల్‌లో బాతులు ఎర్ర తివాచీ మీద లిఫ్టు దాకా నడిచి వెళ్తాయి. పిచ్చి సరదా, కానీ మా ఆవిడ ఇప్పటికీ గోల్ఫ్ కన్నా దాని గురించే ఎక్కువ చెప్తుంది.

తర్వాత రెండు రోజులు గోల్ఫ్ మాటే ఎత్తొద్దు. మెంఫిస్ నుంచి ఓక్లహోమా సిటీకి 470 మైళ్ల దాకా ఉంటుంది. అది డ్రైవింగ్ రోజు, అంతే. రాత్రి భోజనమయ్యాక అక్కడి నేషనల్ మెమోరియల్‌కి వెళ్లండి. 1995 బాంబు పేలుడులో పోయిన 168 మందికి 168 కుర్చీలు, చీకట్లో ఒక్కొక్కటీ కింది నుంచి వెలుగుతుంటాయి. ఆరుబయలు భాగం రాత్రంతా తెరిచే ఉంటుంది. మర్నాడు అమరిల్లో. అక్కడ గాలికి బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి, ఆట వద్దు. సాయంకాలం పాలో డ్యూరో క్యానియన్‌లోకి దిగండి. చాలామంది అమరిల్లోలో నేలలో పాతిన క్యాడిలాక్ కార్ల దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు, ఇంత పెద్ద లోయ దగ్గర్లోనే ఉందని తెలియకుండా.

ఆల్బకర్కీలో మళ్లీ రెండు రాత్రులు. ఇక్కడొక హెచ్చరిక. అక్టోబరు మొదట్లో అక్కడ బెలూన్ ఫియెస్టా (వేడి గాలి బెలూన్ల పండుగ) జరుగుతుంది. తొమ్మిది రోజులపాటు హోటల్ గదులు బంగారం. మీ తేదీలు ఆ రోజుల్లో పడితే నెలల ముందే బుక్ చేసుకుని తెల్లవారుజామున లేచి చూడండి, లేదా ఆ వారం తప్పించండి. అటూ ఇటూ కాకుండా వెళ్తే ఊరి బయట ఖరీదైన మోటెల్ మిగులుతుంది. యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికో కోర్సు అందరికీ అందుబాటులో ఉంటుంది, బావగారికి నచ్చుతుంది. ఊరు ఐదు వేల అడుగుల పైన ఉంది కాబట్టి గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. ‘నా స్వింగ్ బాగుపడింది’ అంటే నమ్మకండి. అక్టోబరు చివరైతే పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టవచ్చు, కడితే అది కరిగేదాకా ఎవర్నీ పంపరు. పది గంటల తర్వాతి టీ టైమ్ తీసుకోమనండి. ఆ పూట మీరు ఓల్డ్ టౌన్ చూసుకోండి. సాయంత్రం ఇద్దరూ కలిసి శాండియా పీక్ ట్రామ్ ఎక్కండి. తీగ మీద రెండున్నర మైళ్లకు పైగా ఎక్కి పదివేల అడుగుల పైన దింపుతుంది. స్వెట్టర్లు మర్చిపోవద్దు.

అక్కణ్ణుంచి పడమరకు వెళ్తుంటే పెట్రిఫైడ్ ఫారెస్ట్ వస్తుంది. ఐ-40 ఆ పార్కు మధ్యలోంచే పోతుంది, కాబట్టి చూడకపోవడానికి సాకు లేదు. రాయిగా మారిన చెట్ల మొద్దులు, రంగురంగుల ఎడారి, పాత రూట్ 66 హైవేకి గుర్తుగా నిలబెట్టిన 1932 నాటి తుప్పుపట్టిన స్టూడీబేకర్ కారు. గేటు సాయంత్రమే మూసేస్తారు, మధ్యాహ్నానికల్లా చేరండి. ఇక్కడే బావగారి పేరున నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోండి. 62 నిండిన సిటిజన్లకు, గ్రీన్‌కార్డు వాళ్లకు ఇస్తారు. 80 డాలర్లు కడితే జీవితాంతం చెల్లుతుంది. మీకు 60 అయినా పర్లేదు, కారులో ఉన్నవాళ్లందరికీ అదే పాస్. గ్రాండ్ క్యానియన్ ఒక్కదానికే కారుకు 35 డాలర్లు తీసుకుంటారని గుర్తుపెట్టుకుంటే లెక్క తెలుస్తుంది.

ఆరిజోనా గడియారం సంగతి జాగ్రత్త. ఆ రాష్ట్రం వేసవి సమయం పాటించదు. అక్టోబరులో న్యూ మెక్సికో నుంచి లోపలికి రాగానే గంట వెనక్కి. కానీ నవాహో రిజర్వేషన్ పాటిస్తుంది. దాని అంచున ఉంటే ఫోను ఒక టవరుకు ఒక టైమ్ చూపించవచ్చు. టీ టైమ్ ఉన్న రోజు ఫోనును కాదు, హోటల్ క్లర్కును అడగండి.

ఇప్పుడు మీ గ్రాండ్ క్యానియన్. అక్కడ రెండు రాత్రులు, గోల్ఫ్ బ్యాగు డిక్కీ దిగకూడదు. ‘వీలైతే’ కొట్టేసి ఈ రెండు తేదీల్నే ముందు సిరాతో రాయించండి. మిగతా ప్రయాణమంతా వాటికి అటూ ఇటూ సర్దండి. పార్కు లోపలి గదులు చాలా ముందే అయిపోతాయి, దొరక్కపోతే గేటు బయట టుసాయన్ ఉంది. ఒక సూర్యాస్తమయం, ఒక సూర్యోదయం తప్పకుండా చూడాలి. సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు. పొద్దున చలి వణికిస్తుంది. మా ఆవిడ శాలువా నేను కప్పుకుని, తను హోటల్ దుప్పటి కప్పుకుని చూశాం.

దిగేటప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 89ఏ మీద సెడోనా మీదుగా ఫీనిక్స్‌కు రండి. మలుపులెక్కువ, పగలే నడపండి. ఫీనిక్స్‌లో అక్టోబరు అంటే గోల్ఫ్ వాళ్లకు చికాకు నెల. ఎండాకాలపు బెర్ముడా గడ్డి చలికి నిద్రపోతుంది కాబట్టి దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. అది మొలిచేదాకా కోర్సులు వంతులవారీగా కొన్ని వారాలు మూసేస్తారు. ఫోన్ చేసి అడగకుండా వెళ్తే గేటు దగ్గరే మొహం వేలాడుతుంది. తెరిచి ఉంటే నేను చెప్పేది పపాగో. సిటీ కోర్సు, ఎర్ర రాతి గుట్టల పక్కన. అదే పార్కులో డెజర్ట్ బొటానికల్ గార్డెన్ ఉంది. ఆయన్ని దింపి మీరు నాలుగు గంటలు నాగజెముళ్ల మధ్య తిరగొచ్చు. లాబీ కన్నా ఎన్నో రెట్లు నయం.

కార్టులో (కోర్సులో తిరిగే చిన్న బండి) ఆయన పక్కన కూర్చుని వెళ్లొచ్చా అంటే, చాలా కోర్సుల్లో వెళ్లొచ్చు. కొన్నిచోట్ల అందుకు కొంత రుసుం ఉంటుంది. మా ఆవిడ సాయంత్రం తక్కువ రేటు మొదలయ్యాక తొమ్మిది హోల్స్‌కే వస్తుంది. అంతకు మించి నా షాట్లు చూసే ఓపిక లేదంటుంది.

శాన్ డియేగోలో ఆయనకు టోరీ పైన్స్ బహుమతిగా ఇవ్వండి. సిటీ కోర్సే అయినా, అక్కడున్న సౌత్, నార్త్ కోర్సుల్లో సౌత్‌లో 2008, 2021 గోల్ఫ్ యూఎస్ ఓపెన్లు జరిగాయి. ఊరివాళ్లకు ఒక రేటు, బయటివాళ్లకు బాగా ఎక్కువ. అమ్మాయి అడ్రసు చెప్పి తప్పించుకోలేరు. రోజూ ఆడేవాడు కాకపోతే నార్త్ కోర్సు ఆడమనండి. అదీ సముద్రం పక్కనే, బంతులు తక్కువ పోతాయి. కోర్సుకు ఆనుకునే టోరీ పైన్ చెట్ల రిజర్వు ఉంది. ఆ జాతి చెట్టు సహజంగా పెరిగేది అక్కడ, ఇంకా సాంటా రోసా దీవిలో మాత్రమే. కొండ మీంచి బీచిదాకా దిగే కాలిబాట మీది.

మొత్తం కలిపితే ఆయనకు మూడున్నర కోర్సులు వచ్చాయి. బేరమాడితే సెడోనాలో ఇంకో సగం ఇవ్వండి, అంతకు మించొద్దు.

చివరిగా ఒక మాట. ఫీనిక్స్ నుంచి శాన్ డియేగోకు వెళ్లేటప్పుడు ఎక్కే ఐ-8 మెక్సికో సరిహద్దు పక్కనుంచి పోతుంది. బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి, గుర్తింపు కాగితాలు చేతికి అందేలా పెట్టుకోండి. కాలిఫోర్నియాలోకి వెళ్లేచోట పళ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. అమ్మాయి కోసం పెరటి కరివేపాకు మొక్క తీసుకెళ్లే ఆలోచన మీకు ఉండే ఉంటుంది. వద్దు. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది, అందుకే అక్కడ ఆంక్షలున్నాయి. ఆవకాయ జాడీకి ఏ ఇబ్బందీ లేదు.

ప్రశ్న: షార్లెట్ నుంచి అట్లాంటా వెళ్తూ దారిలో అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బు చూడాలని మా ఆయన కోరిక. ఆడకపోయినా లోపలికి వెళ్లి చూసి రావచ్చా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: వీల్లేదు. సభ్యులకు, వాళ్లు పిలిచిన అతిథులకు తప్ప గేటు తెరుచుకోదు, టూర్లు కూడా లేవు. క్లబ్బు ముందున్న వాషింగ్టన్ రోడ్డు మీద నిలబడితే కనిపించేది చెట్లూ కంచే. సామాన్యులకు ముఖ్యమైన దారి, ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంటు జరిగే వారం. టికెట్లకు ముందు ఏడాది జూన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, లాటరీ తీస్తారు. ప్రాక్టీసు రోజులకు కూడా పెట్టమనండి. ఆ రోజుల్లో కెమెరా తీసుకెళ్లనిస్తారు, ఆట రోజుల్లో అదీ లేదు. ఫోను మాత్రం ఏ రోజూ కుదరదు. ఈసారికి ఐ-85 మీద నేరుగా అట్లాంటా వెళ్లిపోండి.

ప్రశ్న: జూలైలో డాలస్ నుంచి ఫీనిక్స్‌కి కారులో వెళ్తున్నాం. గోల్ఫ్ సెట్టు డిక్కీలో ఉంచితే పాడవుతుందా? ఆ ఎండలో అసలు ఆడగలమా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఒక పూటకు ఏమీ కాదు. రోజుల తరబడి వేడి డిక్కీలో ఉంచితే క్లబ్బు తలను కర్రకు అతికించిన జిగురు సడలవచ్చు, పట్టు రబ్బరు జిడ్డెక్కుతుంది. అంతకన్నా దొంగల భయం ఎక్కువ, రాత్రి గదిలోకి తెచ్చుకోండి. ఆట సంగతికొస్తే, తెల్లారగానే మొదటి టీ టైమ్ తీసుకుని పదింటికల్లా బయటపడాలి. శీతాకాలంతో పోలిస్తే రేట్లు బాగా తక్కువ, అందుకే జూలైలో కూడా జనం ఉంటారు. మీతో వచ్చేవారు ఆడకపోతే ఆ పూట ఏసీ గదిలో పడుకోనివ్వండి, కార్టులో కూర్చోబెట్టొద్దు.