రోబో అన్న పేరు పెట్టిందెవరు?

ప్రశ్న: రోబో, రోబోటిక్స్, సైబర్‌స్పేస్ ఇవన్నీ సైంటిస్టులు పెట్టిన పేర్లేనా అండీ? మా పాప అడుగుతోంది. - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ, మూడూ కథలు రాసేవాళ్ల దగ్గర్నుంచి వచ్చినవే. రోబో సంగతి కాస్త వివరంగా చెప్తాను ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన కథ ఇది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ఆర్.యు.ఆర్. అని ఒక నాటకం రాశాడు, అందులో ఫ్యాక్టరీలో తయారయ్యే కూలీలకి ఏం పేరు పెట్టాలో తోచక లాటిన్ మాట నుంచి లాబోరి అందామనుకుని, అది మరీ పుస్తకాల భాషలా ఉందని వాళ్లన్నయ్య జోసెఫ్‌ని అడిగాడట. ఆయన పెయింటర్, బొమ్మ వేసుకుంటూ నోట్లో బ్రష్ పెట్టుకునే "రోబోటీ అను" అన్నాడట, ఇది చాపెకే తర్వాత రాసుకున్నాడు. చెక్‌లో రోబోటా అంటే జమీందారు పొలంలో రైతులు తప్పనిసరిగా చెయ్యాల్సిన పని, అచ్చంగా మన వెట్టిచాకిరీయే. ఇంకో విషయం, ఆ నాటకంలో రోబోలు ఇనుప బొమ్మలు కావు, రక్తమాంసాల్లాంటి పదార్థంతో చేసిన మనుషుల్లాంటివాళ్లు, చివరికి తిరగబడతారు కూడా.

రోబోటిక్స్ అనేది, అంటే రోబోల తయారీ గురించిన శాస్త్రం పేరు, సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1941లో ఒక కథలో వాడాడు, అప్పటికే ఆ మాట ఉందనుకునే రాశాడట! సైబర్‌స్పేస్ (కంప్యూటర్ నెట్‌వర్కుల లోపలి ప్రపంచం) అన్న మాట ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత విలియం గిబ్సన్‌ది, 1982 నాటి కథలో వచ్చింది, రెండేళ్లకి నవల్లో బాగా పాపులర్ అయింది, ఆ నవలేమో మామూలు టైప్‌రైటర్ మీద కొట్టాడు.