టెక్ సందేహాలు: పికప్ మారిస్తే పాత రికార్డుల బేస్ వస్తుందా?

ప్రశ్న: నా దగ్గర ప్రెసిషన్ (ఫెండర్ కంపెనీ మోడల్) తరహా బేస్ గిటార్ ఉంది. తక్కువ ధరలో కొన్నదే. 1960ల నాటి రికార్డుల్లో వినిపించే మెత్తటి, నిండైన బేస్ నాకు కావాలి. పికప్ మార్చమని మా బ్యాండ్‌లో వాళ్లు అంటున్నారు. ఏది కొనాలి? ఇంట్లోనే బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: ముందు స్ట్రింగ్స్ మార్చండి. పికప్, అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం, దాని సంగతి ఆ తర్వాత చూద్దాం.

షాపులో కొన్న బేస్‌కి సాధారణంగా రౌండ్‌వౌండ్ తీగలు ఉంటాయి. పైన చుట్టిన సన్నటి తీగ గరుకుగా వేలికి తగులుతుంది, శబ్దంలో లోహపు గణగణ ఉంటుంది. మీరు చెబుతున్న పాత రికార్డుల్లో ఎక్కువగా ఉన్నవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటి పైచుట్టు బల్లపరుపుగా, నున్నగా ఉంటుంది. ఆ గణగణ చాలావరకు పోయి అసలు స్వరం ముందుకొస్తుంది. ధర ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి మన్నుతాయి.

మీకు నచ్చిన ఆ శబ్దానికి పెద్ద పేరు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డులకు బేస్ వాయించినవాడు. ఆయన చేతిలో ఉన్నది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. దానికి లావుపాటి లా బెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (తీగల కింది కొసలు బిగించే భాగం) మూత కింద ఫోమ్ ముక్క. మీటేది కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. ఇక పికప్ అంటారా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు పికప్పే. అందుకే మీ డబ్బులు ముందు తీగల మీద పెట్టమంటున్నాను.

ఫోమ్‌కి ఖర్చు లేదు. టీవీ డబ్బాలో వచ్చిన మెత్తటి ప్యాకింగ్ ఫోమ్‌ని వేలెడు వెడల్పున కోసి బ్రిడ్జి పక్కన, తీగల కిందకి దూర్చండి. గట్టిగా నొక్కుకుంటే స్వరం టుక్కున ఆగిపోతుంది. కొంచెం వదులు చేస్తే గుండ్రంగా మోగి మెల్లగా తగ్గుతుంది. టోన్ నాబ్ సగానికి తగ్గించి, మెడకు కాస్త దగ్గరగా మీటి చూడండి. పికప్ ఎత్తు కూడా స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చు. తీగలకు మరీ దగ్గరగా ఉంటే మోటుగా వినిపిస్తుంది, కాస్త దించితే మెత్తబడుతుంది. ఇవన్నీ చేశాక కూడా ఏదో వెలితి అనిపిస్తే అప్పుడు పికప్ మార్చడం న్యాయం.

ఇప్పుడున్న పికప్ ఏ రకమో తెలుసుకోవడం తేలికే. స్క్రూలు విప్పి మెల్లగా పైకి లేపి తిరగేయండి. అడుగున నల్లటి పలక అతికించి ఉంటే అది సెరామిక్ అయస్కాంతం. తక్కువ ధర బేసుల్లో ఎక్కువగా ఇదే ఉంటుంది. పలక లేకుండా, తీగల కింద కనిపించే కడ్డీలే అయస్కాంతాలైతే అది ఆల్నికో. అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం. పాత ఫెండర్లలో ఉన్నది ఇదే. ఫెండర్ వాళ్ల తక్కువ ధర బ్రాండు స్క్వయర్‌లో క్లాసిక్ వైబ్ లాంటి మోడళ్లలో ఆల్నికోనే వస్తుంది. మీది అలాంటిదైతే పికప్‌కి డబ్బు తగలేయకండి.

పికప్ లోపలి కాయిల్‌లో వెంట్రుక మందం రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. చుట్లు పెరిగే కొద్దీ శబ్దం పెద్దదవుతుంది, కానీ పైస్థాయి స్పష్టత తగ్గి ముద్దగా మారుతుంది. ప్రెసిషన్‌లో పాత తరహా చుట్టుడు అంటే నిరోధకత సుమారు 10 నుంచి 11 కిలో ఓములు. దీన్ని గిటార్ విప్పకుండానే కొలవచ్చు. కేబుల్ గుచ్చి, నాబ్‌లు రెండూ ఫుల్ పెట్టి, రెండో కొసన జాక్ మొనకీ కాండానికీ మల్టీమీటర్ ముళ్లు ఆనించండి. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే నిరోధకం) కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి అసలు విలువ కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది. వేడెక్కితే రాగి నిరోధకత పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం. డిసెంబరు ఉదయం 10 చూపించిన పికప్పే మన మే నెల మధ్యాహ్నం 11 దగ్గర చూపించవచ్చు. కాబట్టి ఆన్‌లైన్‌లో 10.3 గొప్పదా 10.8 గొప్పదా అనే వాదనలతో బుర్ర పాడుచేసుకోకండి.

కొనేటట్లయితే నా ఓటు సేమోర్ డంకన్ ఎస్‌పీబీ-1కి. ఫెండర్ ప్యూర్ వింటేజ్ 63 కూడా ఇదే దారిలోది. హాట్ అనో హై అవుట్‌పుట్ అనో రాసి ఉన్నవి మీకు వద్దు. ఆర్డర్ పెట్టే ముందు మీ పికప్ పొడవు, వెడల్పు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకోండి. చౌక బేసుల్లో కొలతలు కొన్నిసార్లు తేడాగా ఉంటాయి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క వేసుకోండి.

టోన్ నాబ్‌కి కలిపి ఉండే కెపాసిటర్ కూడా మార్చాలనుకుంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. 0.047 మైక్రోఫారడ్ దాని మీద 473 అని, 0.1ది 104 అని అచ్చై ఉంటుంది. 1960ల మొదట్లో ప్రెసిషన్‌లో పెట్టింది 0.1. దానితో టోన్ నాబ్ తిప్పితే శబ్దం ఇంకా లోతుకు మెత్తబడుతుంది. పాత కాలపు నూనె కాగితం కెపాసిటర్ అంటూ వేలల్లో అమ్మేవి కొనకండి. విలువ ఒకటే అయినప్పుడు నా చెవికి తేడా ఎప్పుడూ తెలియలేదు.

బిగించడం ఇంట్లో సాధ్యమే. విప్పే ముందు వైరింగ్‌ని ఫోన్‌తో రెండు కోణాల్లో ఫొటో తీయండి. 1957 నుంచి ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలుగా వస్తోంది. ఒకటి ఇ, ఎ తీగల కింద, రెండోది డి, జి తీగల కింద. రెండూ సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిసి ఉంటాయి. రెంటి చుట్లూ, అయస్కాంతాలూ ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి, హమ్ (గుయ్‌మనే శబ్దం) పోవడానికి కారణం అదే. ఆ రెంటినీ కలిపే వైరు తెంచకండి. పాట్ వీపు మీద ఎర్త్ వైరు అతికించడానికి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. ఆ పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపి కిటికీ తెరవండి. గాలికి సోల్డర్ సరిగ్గా పట్టకముందే చల్లారి అతుకు ఊడిపోతుంది. తీసిన పాత పికప్ దాచుకోండి, బేస్ అమ్మే రోజున పనికొస్తుంది.

ప్రశ్న: నాది జాజ్ (ఇదీ ఫెండర్ మోడలే) తరహా బేస్. ఆడియో ఇంటర్‌ఫేస్‌తో ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేస్తుంటే గుయ్‌మని శబ్దం వస్తోంది. ఒక వాల్యూమ్ తగ్గిస్తే ఇంకా పెరుగుతోంది. పికప్ పోయిందని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పికప్ బాగానే ఉందమ్మా. మీ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ (ఒక్కో కాయిల్ ఉన్న) పికప్‌లు ఉన్నాయి. ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి కాబట్టి రెండు వాల్యూమ్‌లూ ఫుల్‌గా ఉన్నప్పుడు హమ్ రద్దవుతుంది. ఒకటి తగ్గిస్తే ఆ తూకం తప్పుతుంది.

ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి. శబ్దం తగ్గితే తప్పు చార్జర్‌ది, లేదా గోడ సాకెట్‌లో ఎర్త్‌ది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. హమ్ పోతుందని ఎవరైనా చెబితే మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, ప్రాణం మీదకు వస్తుంది. ఎల్ఈడీ డిమ్మర్‌కి దూరంగా జరిగి, కూర్చున్న దిశ మార్చండి. తీగల మీద చెయ్యి వేయగానే శబ్దం తగ్గితే అది లోపం కాదు. చెయ్యి వేస్తే పెరుగుతుంటే మాత్రం లోపల ఎర్త్ వైరింగ్ చూపించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారు ఇళయరాజా అభిమాని, నాకేమో ఫంక్ ఇష్టం. ఇద్దరం ఒకరి పాటలు ఒకరం వింటున్నాం. ఫోన్‌లో బేస్ సరిగ్గా వినబడదు. పాటలోంచి బేస్ ఒక్కటే విడదీసే సాఫ్ట్‌వేర్ ఉందా? మీరేం వింటారు?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: ముందు ఫోన్ స్పీకర్ మానేయండి. బేస్‌లో అడుగు ఇ తీగ 41 హెర్ట్జ్. అంత కింది శబ్దం ఆ చిన్న స్పీకర్‌లో పలకదు. వైర్‌తో ఉన్న మంచి హెడ్‌ఫోన్స్ చాలు.

విడదీయడానికి డెమక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కమాండ్ లైన్ కష్టమనిపిస్తే అల్టిమేట్ వోకల్ రిమూవర్ వాడండి, అందులో డెమక్స్ కూడా ఉంటుంది. ఫోన్‌లో అయితే మోయిసెస్ యాప్. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు ట్రాకులుగా ఇస్తాయి. పాత మోనో పాటల్లో మాత్రం తబలా డగ్గా కూడా బేస్ ట్రాక్‌లో కలిసిపోవచ్చు. రెండూ ఉండేది కింది స్థాయిలోనే కదా.

నేను వినేదంటారా? మీ నాన్నగారి పక్షమే నాది. 1980ల ఇళయరాజా పాటల్లో బేస్ ఊరికే తాళం పట్టుకుని కూర్చోదు, పల్లవి కింద ఇంకో పాట పాడుతుంది. వాటిలో చాలావాటికి వాయించిన శశిధరన్ పేరు మన శ్రోతలకు ఇంకా బాగా తెలియాలి. ఆ తర్వాత రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ వినండి, మీ ఫంక్ చెవికి వెంటనే పట్టుబడుతుంది. ఏ పాట తీసుకున్నా బేస్ ట్రాక్‌ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి, శ్రుతి మారకుండా టెంపో 70 శాతానికి తగ్గించి, చరణానికి ముందు వచ్చే నాలుగు బార్లు మొదట నేర్చుకోండి.