పాత కాగితాల ఆధారంగా రాసిన ఊరి చరిత్ర పత్రికలో అచ్చు కావాలంటే

ఒడిశాలోని మీ కాశీనగరంలో మీ తాతగారి నాటి భూమి పత్రాలు దొరికాయని, వాటి ఆధారంగా ఊరి చరిత్ర రాసి ఒక స్థానిక చరిత్ర పత్రికకు రెండుసార్లు పంపినా జవాబు రాలేదని, ఇక ఏం చేయాలని అడిగారు. నేను అక్కడికి దగ్గరలోని పర్లాకిమిడి వాడిని. నా మొదటి వ్యాసం తిరిగి వచ్చింది. తిరగరాసి పంపినది ఏడాది తరువాత అచ్చయింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే మీకు రాస్తున్నాను.

మొదటిసారి గంగ రాజుల కాలం నుంచి నేటి వరకు పర్లాకిమిడి చరిత్ర అంతా పన్నెండు పేజీలలో రాసి పంపాను. సంపాదకుడు పెద్దాయన. ఫోను చేసి, "బాబూ, ఇందులో మీరు తప్ప మరొకరు రాయలేని పేరా ఒక్కటే ఉంది. అది మీ ఇంటి తాటాకు పత్రం గురించి రాసిన పేరా. దాన్నే వ్యాసం చేయండి" అన్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను గానీ, తరువాత ఆలోచిస్తే ఆయన మాట ముమ్మాటికీ నిజం. మీ వ్యాసం నేను చూడలేదు కాబట్టి ఎందుకు ఆగిందో చెప్పలేను. అయితే ఊరి చరిత్ర మొత్తం రాసి ఉంటే మాత్రం, దానిని పక్కన పెట్టి ఒక్క పత్రాన్ని తీసుకోండి. అది ఏమిటి, ఎవరు ఎవరికి రాసి ఇచ్చారు, అందులోని పొలం నేడు ఎక్కడ ఉంది అనే మూడు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు.

ఆయన పట్టుకున్న రెండవ తప్పు ఇంకా పెద్దది, మన ప్రాంతంలో ఎవరైనా చేయగలిగినది. మా పత్రంలో తేదీగా రాజుగారి 19వ అంకం (రాజు పాలనా సంవత్సరాలను లెక్కించే సంఖ్య) అని ఉంది. నేను దానిని పాలనలో 19వ సంవత్సరంగా లెక్కవేశాను. ఒడిశా, గంజాం సంస్థానాలలో వాడిన అంకం లెక్క అలా సాగదు. అందులో 1 ఉండదు, మొదటి సంవత్సరమే 2వ అంకం. 6తో ముగిసే అంకెలు, 10 తప్ప సున్నాతో ముగిసే అంకెలు కూడా విడిచిపెడతారు. అంటే 19వ అంకానికి 1, 6, 16 తీసివేస్తే అది నిజానికి 16వ సంవత్సరం. 25వ అంకమైతే 20 కూడా పోయి 21వ సంవత్సరం అవుతుంది. పైగా ఈ సంవత్సరం ఉగాదికి మారదు, భాద్రపద శుద్ధ ద్వాదశి నాటి సునియాకు, అంటే అంకం లెక్కలో కొత్త సంవత్సరం మొదలయ్యే రోజుకు, మారుతుంది. రాజు సునియాకు నెల ముందు గద్దెనెక్కితే ఆ నెల రోజులే ఒక సంవత్సరంగా గడిచిపోతుంది. ఈ లెక్క తెలియక నేను మా పత్రానికి అసలు కంటే మూడేళ్లు తరువాతి తేదీ వేశాను. అది అలాగే అచ్చయి ఉంటే, తరువాత దానిని నమ్మి రాసేవారి తేదీలన్నీ తప్పేవి.

మీ కాగితాలలో ఫసలీ (భూమి శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే లెక్క తేలిక: 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై నుంచి జూన్ వరకు చూసుకోవాలి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు అన్నమాట. వ్యాసంలో పత్రంలోని తేదీని ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, మీ లెక్కను పక్కన విడిగా చూపండి.

జిల్లాల పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కాబట్టి, ఆనాటి ప్రభుత్వ కాగితాల కోసం భువనేశ్వర్‌తో పాటు చెన్నైలోని ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి. గుణుపురం వైపు ఊళ్లయితే అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో, జయపురం సంస్థానంలో ఉండేవి. టెక్కలి 1936 దాకా గంజాంలో, ఆపై విశాఖపట్నంలో, 1950 నుంచి శ్రీకాకుళంలో ఉంది. నేటి గజపతి జిల్లా 1992లో ఏర్పడింది. 1900 నాటి పత్రం గురించి రాస్తూ ఆ పేరు వాడితే సంపాదకుడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

పెద్దల నుంచి విన్నది వాడుకోవచ్చు. చెప్పినవారు ఎవరు, ఏ ఏడాది చెప్పారు, స్వయంగా చూశారా లేక విన్నారా అన్నది రాసి, వారి అనుమతి తీసుకోండి. వారి మాటలను గ్రాంథికంగా దిద్దకండి. గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరి నుంచి నేను ఇంకేమి చెప్పగలను! మా పత్రంలో ఒడియా, తెలుగు మాటలు ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి, వాటిని కూడా అలాగే ఉంచమని పట్టుబట్టాను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు తగాదాలో ఎవరిది న్యాయమన్న చర్చను మాత్రం ఆ వ్యాసంలోకి తేకండి.

పత్రం ఫొటోను పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. అసలు పత్రాన్ని ఎవరికీ పంపవద్దు. ఏప్రిల్ 1కి గానీ, గిడుగు వారి జయంతి ఆగస్టు 29కి గానీ సరిపోయే విషయమైతే కనీసం రెండు నెలల ముందే పంపి, పదిహేను రోజులకు ఒకసారి మర్యాదగా ఫోను చేసి అడగండి.

మీ పత్రంలో తేదీ ఉన్న వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఇక్కడ రాయండి, అంకమో ఫసలీయో కలిసి లెక్క వేద్దాం.