సిగరెట్ కొన్న అమ్మాయికి టీసీ ఇస్తారట, మరి అమ్మినవాడి సంగతి?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ప్రైవేటు కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. బ్యాగులో సిగరెట్ దొరికిందని తరగతి అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టారు. ఇప్పుడు టీసీ తీసుకుని వెళ్లమంటున్నారు. గేటు ఎదుట ఉన్న పాన్ షాపులోనే విడి సిగరెట్లు కొంటోందని తెలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ‘‘అది రెండు వందల జరిమానా కేసు, ముందు మీ అమ్మాయిని అదుపులో పెట్టుకోండి’’ అన్నారు. మా అమ్మమ్మ బతికినన్నాళ్లూ అడ్డపొగ తాగింది, ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. మా పిల్ల మీద కేసు అవుతుందా?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: కాదమ్మా. మొదట ఆ భయం వదిలేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివారు సిగరెట్ కొనడాన్ని గానీ, బ్యాగులో పెట్టుకోవడాన్ని గానీ చట్టం నేరంగా చూడదు. అమ్మడమే నేరం. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం, 2003 (దీన్నే కోట్పా అంటారు) సెక్షన్ 6 ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. ఆ దూరాన్ని గేటు నుంచి కాక ప్రహరీ గోడ నుంచి, చుట్టూ అన్ని వైపులకూ కొలవాలి. ‘‘ఆ పిల్ల పెద్దదనుకున్నాను’’ అని షాపువాడు అంటే సరిపోదు. కొనేవారికి పద్దెనిమిది నిండాయని రుజువు చేసుకునే బాధ్యత అమ్మేవాడిదేనని నియమాల్లో ఉంది.

రెండు వందల మాట నిజమే. సెక్షన్ 24 కింద గరిష్ఠ జరిమానా అంతే. 2003లో పెట్టిన ఈ మొత్తం ఒక పెట్టె సిగరెట్ల ధరకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పిల్లల ఆరోగ్యానికి కట్టిన ఈ ధర సిగ్గుపడవలసినంత తక్కువ. దాన్ని పెంచాలని పొగాకు నియంత్రణ కోసం పనిచేసేవారు ఏళ్లుగా అడుగుతున్నారు. అయితే స్టేషన్‌లో మీకు చెప్పని సెక్షన్లు మరికొన్ని ఉన్నాయి.

మొదటిది బాలల న్యాయ చట్టం, 2015లోని సెక్షన్ 77. పిల్లలకు పొగాకు ఉత్పత్తులు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ‘‘నేను ఇవ్వలేదు, అమ్మాను’’ అన్న వాదన నిలవడం కష్టం. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నియమాల్లో ‘ఇచ్చినా, అమ్మినా’ శిక్ష ఉంటుందని ప్రతి పొగాకు దుకాణం బోర్డు పెట్టాలని ఉంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2021 సవరణతో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష పడే ఈ చట్టంలోని నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేశారు. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. బాలల విషయంలో ఈ సవరణ సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. అయినా దారి మూసుకుపోలేదు. మీరు ఇచ్చే సమాచారాన్ని స్టేషన్‌లో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 174 చెబుతోంది. నోటిమాటతో తిప్పి పంపడం కుదరదు. ఫిర్యాదు రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. జిల్లా బాలల సంక్షేమ కమిటీకి ఒక ప్రతి ఇవ్వండి.

రెండోది ఆ షాపు మీది బోర్డు. సిగరెట్ బ్రాండు పేరుతో, దీపాలతో మెరిసే బోర్డు ఉందేమో చూసి ఫొటో తీయండి. దుకాణం దగ్గర పెట్టే బోర్డు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు దాటకూడదు, దీపాలు ఉండకూడదు, బ్రాండు పేరు గానీ బొమ్మ గానీ కనిపించకూడదు. ఈ నియమాలపై ఉన్న స్టేను సుప్రీంకోర్టు 2013లో తొలగించింది. కోట్పాలోని ప్రకటనల నిషేధాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఎస్సై స్థాయి అధికారి ఆ షాపులో సోదా చేయవచ్చు. రెండు వందల దగ్గర ఆగిపోయిన కేసు ఈ బోర్డు వల్ల కదలవచ్చు.

సాక్ష్యం కోసం మాత్రం మరో పిల్లను పంపి సిగరెట్ కొనిపించకండి, అది మీకే చుట్టుకుంటుంది. ప్రహరీకీ షాపుకూ మధ్య దూరం తెలిసే ఫొటోలు, అమ్మాయి ఫోనులోని చెల్లింపుల వివరాలు దాచండి. ఏం కొన్నదీ ఆ వివరాల్లో ఉండదు కానీ, రోజూ ఎవరికి చెల్లించిందో ఉంటుంది.

ఇక కాలేజీ సంగతి. వంద గజాల లోపు పొగాకు అమ్మకం నేరమని బయట బోర్డు పెట్టవలసింది విద్యాసంస్థే. కేంద్రం ఇచ్చిన పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు వంద గజాల దగ్గర పసుపు గీత గీయమని కూడా చెబుతున్నాయి. ఆ బోర్డూ గీతా ఉన్నాయా అని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం కాలేజీకి ఉంది కానీ, ముందుగా నోటీసు ఇవ్వాలి, వివరణ వినాలి. బలవంతపెట్టినా టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. పెడితే మీరే కోరి తీసుకున్నట్టవుతుంది. బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 నేరంలో మీ అమ్మాయి బాధితురాలు. బాధిత బాలల పేరు, చదివే చోటు బయటపెట్టడాన్ని అదే చట్టంలోని సెక్షన్ 74 నిషేధిస్తోంది. గ్రూపులోని ఆ సందేశాన్ని వెంటనే తొలగించమని కాలేజీకి లేఖ రాయండి, అంతకంటే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

మీ అమ్మమ్మ ప్రస్తావన నన్ను ఆలోచింపజేసింది. నిప్పు వైపును నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఈ అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఎందరో స్త్రీలకు అంగిలి క్యాన్సర్ తెచ్చింది. అప్పట్లో ఎవరూ వారించలేదు. ఇప్పుడు మునిమనవరాలి విషయంలో ఆరోగ్యాన్ని వదిలేసి నడవడిక గురించి మాట్లాడుతున్నారు. చట్టం చూసేది వయసునే. 2016–17 జాతీయ సర్వేలో పొగాకు వాడే పెద్దవారు పురుషుల్లో 42.4 శాతం, స్త్రీలలో 14.2 శాతం. 2019లో పదమూడు నుంచి పదిహేనేళ్ల విద్యార్థులను అడిగితే పొగాకు వాడేవారు అబ్బాయిల్లో 9.6 శాతం, అమ్మాయిల్లో 7.4 శాతం. పిల్లల్లో ఆ తేడా ఎంత తక్కువో చూడండి. పరువు పోతుందని అమ్మాయిల విషయం దాచిపెడితే లాభపడేది అమ్మేవాడే.

ఒకవేళ దొరికింది ఈ-సిగరెట్ అయితే పైన చెప్పిన చట్టం సంగతి మారుతుంది. 2019 చట్టం దాన్ని పూర్తిగా నిషేధించింది, అమ్మినవారికి మొదటిసారే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా పడవచ్చు, రెండూ పడవచ్చు. నిల్వ ఉంచడమూ నేరమే కాబట్టి, అలాంటప్పుడు ఎవరికీ ఏమీ రాసి ఇవ్వకముందే న్యాయవాదిని కలవండి.

ఫిర్యాదు ప్రతులను కలెక్టరుకు, జిల్లా పొగాకు నియంత్రణ విభాగానికి, ట్రేడ్ లైసెన్సు ఇచ్చే మున్సిపల్ కమిషనరుకు పంపండి. నెల గడిచినా కదలిక లేకపోతే, ఆ కాలేజీ పరిసరాల్లో సెక్షన్ 6 కింద ఎన్ని జరిమానాలు వేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అమ్మాయికి ఈ అలవాటు మాన్పించడానికి సిగరెట్ పెట్టెల మీద ఉండే ఉచిత నంబరు 1800-11-2356కు ఫోను చేయండి. తనను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, మాట్లాడే అవకాశం తనకే ఇవ్వండి.